ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు తమ్ముడూ?

ఇది కొంచెం పొడుగు పోస్టు. కాఫీ పక్కన పెట్టుకుని చదవండి. నేను ఎస్సెస్సెల్సీ దాకా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది మా అమ్మ దగ్గర, సండే స్కూల్లో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీద వేలు పెట్టి. అందుకని నా వాక్యాల్లో ఎక్కడైనా తమిళం తొంగి చూస్తే సర్దుకోండి.

మొన్న మన సభ్యుల్లో ఒకరు నాకు విడిగా ఒక మెసేజ్ పెట్టారు. మర్యాదగానే అడిగారు. "అన్నగారూ, మనుషుల్ని కలుపుకోవడం మీవాళ్ళకు ఒక పని అంటారు కదా. మీరు అందరి ఇళ్ళకూ వస్తారు, పెళ్ళికైనా చావుకైనా ముందుంటారు. తప్పుగా అనుకోకండి, ఇదంతా అందుకేనా?" అన్నారు.

తప్పుగా అనుకోలేదు. మనసులో పెట్టుకుని వెనకాల మాట్లాడేవాళ్ళకన్నా ఎదురుగా అడిగినవాళ్ళు మేలు. అయితే ఒక లైనులో చెప్పే జవాబు కాదు. పైగా ఇదే సందేహం ఇంకొంతమందికి ఉండొచ్చు. అందుకని ఆయన అనుమతి తీసుకుని ఇక్కడే రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి. మా ముత్తాత ఒంగోలు వైపు ఒక పల్లెలో తోలు పని చేసి బతికినవాడు. చెప్పులు, మోట బొక్కెనలు కుట్టేవాడు. మన సంఘంలో ఇది పాతవాళ్ళందరికీ తెలుసు, కొత్తగా చేరిన పిల్లలకు తెలియకపోవచ్చు. మా తాత పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో కూలికి చేరడానికి మద్రాసు వచ్చాడు. అప్పుడది ఎం అండ్ ఎస్ ఎం రైల్వే. అప్పటినుంచి మాకు ఇదే ఊరు.

మా ముత్తాతల కాలానికి కొంచెం ముందు ఆ ఒంగోలు ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అని ఒకాయన ఉండేవాడు. తాళ్ళకొండపాడు ఆయన ఊరు. ఆయనా తోలు వ్యాపారే. అంతకు ముందు యోగ గురువుల దగ్గర ఉపదేశం పొంది ధ్యానం చేసుకునేవాడట. వ్యాపారం మీద గోదావరి వైపు వెళ్ళినప్పుడు యేసు సంగతి మొదట విన్నాడు. 1866లో ఆయన, భార్య నాగమ్మ ఇద్దరూ బాప్తిస్మం తీసుకున్నారు. అదే ఏడాది అమెరికా నుంచి వచ్చిన క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టాడు. మరుసటి ఏడాది జనవరిలో పేరయ్య పిలిస్తే తాళ్ళకొండపాడు వెళ్ళి కొన్ని రోజులు ఉన్నాడు. అక్కడ 28 మంది బాప్తిస్మం పొందారు.

ఈ 28 మంది ఎవరు? ఎవరో పుస్తకం పంచితే వచ్చినవాళ్ళు కారు. పేరయ్య చుట్టాలు, చుట్టాల చుట్టాలు, ఆయన దగ్గర చర్మాలు కొన్నవాళ్ళు, ఆయనకు అమ్మినవాళ్ళు. దొర రాకముందే పేరయ్య ఆ పల్లెల్లో తిరిగాడు. కొత్తగా బయలుదేరింది ఏమీ లేదు, ఎప్పుడూ తిరిగే ఊళ్ళే. ఎప్పుడూ కూర్చునే అరుగులే. దొరగారి భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ 1899లో వేసిన పుస్తకం పేరే "చెప్పులు కుడుతూ" అని అర్థం వచ్చేలా ఉంటుంది. ఆ కథలన్నీ మా వాళ్ళ దగ్గర విని రాసినవే. ఈ విశ్వాసం ఒంగోలు పల్లెల్లోకి మైకుతో రాలేదు, చుట్టరికం దారిలో నడిచి వచ్చింది.

ఇక్కడ ఒక చేదు సంగతీ ఉంది. అప్పట్లో ఒంగోలులో పెద్ద కులాలవాళ్ళు కొందరు దొర దగ్గరకు వస్తూ పోతూ ఉండేవారు. తోలు పనివాళ్ళను చేర్చుకుంటే మేము రాము అని చెప్పేశారు. దొర, ఆయన అప్పటి భార్య బాగా నలిగారు. చివరకు వచ్చినవాళ్ళను కాదనలేదు. వాళ్ళు ఆ రోజు కాదని ఉంటే నేను ఈ పోస్టు రాస్తూ ఉండేవాణ్ణి కాదు, నాకు చదవడం వచ్చేది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మెసేజ్ పెట్టిన సోదరుడి ప్రశ్నకు 1877లోనే ఒక జవాబు ఉంది.

1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధానిలో వచ్చిన కరువు గురించి మీ ఇళ్ళలోనూ పెద్దలు చెప్పి ఉంటారు. ధాత కరువు అనేవాళ్ళు. ఆ కరువులో జనానికి పని చూపించడానికి ప్రభుత్వం బకింగ్‌హాం కాలవను పొడిగించి తవ్వించింది. అప్పటి గవర్నర్ బకింగ్‌హాం ప్రభువు, ఆయన పేరే దానికి. క్లౌ దొర మత బోధకుడు కాకముందు సర్వే పని చేసినవాడు, గొలుసు పట్టి కొలవడం తెలుసు. ఆయన ఒంగోలు దగ్గర మూడున్నర మైళ్ళ కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. చేతులు చాపి గంజి తాగడం కాదు, పలుగు పట్టి కూలి తీసుకోండి అన్నాడు. కులం చూడకుండా వచ్చినవాళ్ళకల్లా పని ఇచ్చాడు. తన తెలుగు బోధకులను మేస్త్రీలుగా పెట్టాడు. పగలంతా వాళ్ళూ మట్టిలోనే. పని ఆగినప్పుడు, సాయంత్రం పూట, అలసిపోయి కూర్చున్నవాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడేవారు. ఎవరింట్లో ఎవరు పోయారు, పశువులు ఎన్ని మిగిలాయి అని అడిగేవారు. ఆ మాటల్లోనే యేసు మాట.

మా ముత్తాత ఆ కాలవలో పలుగు పట్టాడో లేదో కాగితం మీద ఎక్కడా లేదు. మా ఇంట్లో మాత్రం పట్టాడనే చెప్తారు. నేను రిటైర్ అయ్యే దాకా రోజూ ఎలక్ట్రిక్ ట్రైన్‌లో ఆ కాలవ దాటుకునే ఆఫీసుకు వెళ్ళాను. ఇప్పుడు దాని మీదే పరక్కుం రయిల్ స్తంభాలు నాటారు, కంపుకు ముక్కు మూసుకోవాలి, అది వేరే ఏడుపు. అయినా బేసిన్ బ్రిడ్జి దాటుతుంటే నా చూపు ఆ నీళ్ళవైపు పోయేది.

నేను చెప్పదలచుకున్నది తవ్వకం గురించి కాదు. ఆ కరువు నడుస్తుండగా చాలామంది వచ్చి మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడిగారు. దొర ఇవ్వలేదు. ఏడాదికి పైగా ఇవ్వలేదు. ఆకలితో ఉన్నవాడు కూలి ఇచ్చేవాణ్ణి చూసి ఏదైనా సరే అంటాడు, ఆ సరే చెల్లదు అని ఆయనకు తెలుసు. కరువు తగ్గి, సహాయం ముగిసిపోయి, ఇక తన దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదని తెలిసిన తరువాత కూడా వాళ్ళు వచ్చారు. అప్పుడు ఇచ్చాడు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏటిలో, ఒక్క రోజులో 2,222 మంది. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని నీళ్ళలో నిలబడ్డారు.

ఆ 2,222 అనే అంకెను మావాళ్ళు ప్రతి వార్షికోత్సవంలో మైకులో చెప్తారు. నాకు ఆ అంకెకన్నా దానికి ముందున్న సున్నా ఇష్టం. కూలి చేతిలో పెడుతూ ఏమీ అడగని ఏడాది అది. తరువాతి కాలంలో మా వాళ్ళలోనే కొందరు ఆ సున్నాను మరిచిపోయారు, అంకెల రిపోర్టు రాయడం నేర్చుకున్నారు. ముప్పై ఏడేళ్ళు స్టేట్‌మెంట్లు తయారు చేసిన గుమాస్తాగా చెప్తున్నాను, రిపోర్టు కోసం మనిషిని లెక్కపెట్టడం మొదలుపెడితే మనిషి కనపడడు.

ఆశ చూపించి మతం మార్చకూడదని ఒడిశాలో 1967 నుంచే చట్టం ఉంది. మన రాష్ట్రంలో 2002లో తెచ్చారు, 2004లో ఎత్తేశారు. ఆ చట్టాలు వాడే తీరు మీద నాకు వేరే అభిప్రాయం ఉంది, అది ఇక్కడ వద్దు. కానీ ఆశ చూపించి తెచ్చినది విశ్వాసం కాదు అనే మాట చట్టానికి తొంభై ఏళ్ళ ముందే ఆ కాలవ గట్టు మీద మావాళ్ళు పాటించారు.

సరే, చరిత్ర అయింది. ఇది మీకు పరీక్ష కాదు.

పర్సనల్ బ్రాంచ్‌లో, పాస్ సెక్షన్‌లో నా పక్క టేబుల్ ఆయన గురించి చెప్తాను. పేరు రాయను, మీలో కొందరికి తెలుసు. తిరువళ్ళూరు ఆయనది. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, నాలాగే. నేను అన్నా అంటాను, ఆయన తమ్ముడూ అంటాడు. నాది ఆవడి. సాయంత్రం సెంట్రల్‌లో ఒకే పెట్టె ఎక్కేవాళ్ళం, నేను ముందు దిగేవాణ్ణి. పంతొమ్మిది ఏళ్ళు అలా నడిచింది. డి.ఎ. ఎంత వస్తుంది, కొడుక్కి ఏ కాలేజీ, మామిడికాయ ఆవకాయకు ఏ నూనె, ఇవే మాటలు. అమావాస్య వస్తే ఆయన సెలవు పెట్టేవాడు. తిరువళ్ళూరు వీరరాఘవ పెరుమాళ్ళ గుడికి అమావాస్యనాడు జనం ఎలా వస్తారో మీకు తెలుసు, ఇంటినిండా చుట్టాలు. మరునాడు నాకు పులిహోర తెచ్చేవాడు. క్రిస్మస్‌కు మా ఇంటినుంచి కేకు, కజ్జికాయలు వెళ్ళేవి.

రిటైర్మెంటుకు ముందు ఆయన భార్యకు కిడ్నీలు చెడ్డాయి. మా వదినమ్మ. వెల్లూరు తీసుకువెళ్ళడానికి కాట్పాడికి పాస్ నేనే రాసి సంతకం చేయించాను. ఆ పాస్ సెక్షన్‌లో కూర్చుంటే తెలుస్తుంది, రైల్వే కుటుంబాల్లో ఎంతమంది కాట్పాడిలో దిగుతారో. తెలుగువాళ్ళే ఎంతమంది! ఆ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడ్డర్ అమ్మగారు చిన్నప్పుడు మిషనరీ అవ్వను అన్న మనిషి. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు వచ్చి ప్రసవం కష్టమైన తమ భార్యల కోసం తలుపు తట్టారు. మగ డాక్టరును ఒప్పుకోరు కాబట్టి ఈవిడను రమ్మన్నారు. ఈవిడకు వైద్యం రాదు. ముగ్గురు ఆడవాళ్ళూ పోయారు. అమెరికా వెళ్ళి వైద్యం చదివి 1900లో తిరిగి వచ్చింది. తలుపు తట్టినవాళ్ళు మా మతం చెప్పండి అని రాలేదు, మా ఇంటావిడను బతికించండి అని వచ్చారు. ఆమె ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది.

వదినమ్మకు డయాలసిస్ మొదలైంది. వారానికి రెండుసార్లు. ఆయనకు సెలవులు అయిపోతే మా ఇంటావిడ వెళ్ళి పక్కన కూర్చునేది. ఉప్పు లేని కూడు తినలేక వదినమ్మ ఏడిస్తే, తనూ అదే కూడు తినేది ఆమె ఎదురుగా. ఇద్దరూ సీరియల్ కథలు చెప్పుకునేవారు. మా ఇంటావిడ రాత్రి ఇంట్లో మోకాళ్ళ మీద ఆమె కోసం ప్రార్థన చేసేది. అక్కడ మాత్రం చేసి చూపించలేదు. పడుకున్న మనిషి లేచి పోలేదు కదా, అలాంటి చోట ఏది చెప్పినా బలవంతమే అవుతుంది అనేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, మేము వాళ్ళింట్లో ఉండగానే, ఎవరి ద్వారానో విని ఒక ప్రార్థన బృందం ఆయన వచ్చాడు. చేతిలో కరపత్రాలు. మంచం పక్కన నిలబడి, నమ్మితే ఈ రోజే కిడ్నీలు బాగుపడతాయి, విగ్రహాలు తీసేయండి అన్నాడు. వదినమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. అన్న ఏమీ అనలేదు, నన్ను చూశాడు. నేను ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసి వీధిలోకి నడిపించాను. "నేనూ విశ్వాసినే అయ్యా. మీకు ఆ అమ్మ పేరు తెలుసా?" అన్నాను. తెలియదు. "పేరు తెలుసుకుని, పది రోజులు వచ్చి కూర్చుని, తరువాత చెప్పండి" అన్నాను. కోపం వచ్చింది ఆయనకు. నీలాంటివాళ్ళవల్లే సువార్త ఆగిపోతోంది అని వెళ్ళిపోయాడు.

ఆయన మాట కొట్టిపారేయడానికి లేదు. ఎందుకంటే తరువాత అన్న అడిగింది కూడా ఇంచుమించు అదే.

వదినమ్మ పోయింది. పదహారో రోజు కార్యం అయ్యాక ఆయన మళ్ళీ డ్యూటీకి వచ్చాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం, ట్రైను విల్లివాక్కంలో సిగ్నల్ కోసం ఆగి ఉంది. ఆయన కిటికీలోకి చూస్తూ అడిగాడు. "తమ్ముడూ, మీ ఇద్దరూ మా ఇంట్లో ఇంత చేశారు. నీకు ఎక్కడినుంచి వస్తుందో అది, నాకు చెప్పాలనిపించలేదా? పంతొమ్మిది ఏళ్ళలో ఒక్క మాట అనలేదే. ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు తమ్ముడూ? నేను దానికి తగను అనుకున్నావా?"

చూశారా. సంఘం సోదరుడేమో నీ స్నేహం ఎరనా అని అడుగుతున్నాడు. అన్నేమో నీ మౌనం చిన్నచూపా అని అడిగాడు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఎరగా చేసిన ప్రేమ ప్రేమ కాదు. ఉన్నదంతా పంచుకుని, అన్నిటికన్నా విలువైనది మాత్రం లోపల దాచుకుంటే అదేం స్నేహం?

నేను చెప్పింది ఇది. "అన్నా, పేతురు రాసిన మొదటి పత్రికలో మూడో అధ్యాయంలో ఒక మాట ఉంది. నీ నిరీక్షణ ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉండమంటాడు, అదీ నెమ్మదిగా, మర్యాదగా. అడిగితే అన్నాడు. నేను సిద్ధంగానే ఉన్నాను. నువ్వు ఈ రోజు అడిగావు." ఆయన నవ్వాడు, భార్య పోయాక మొదటిసారి. "రూల్ ప్రకారం నడిచేవాడివి, అర్జీ వస్తేనే ఫైలు కదుపుతావు" అన్నాడు.

ఆ రోజు నేను ఆవడిలో దిగలేదు. తిరువళ్ళూరు దాకా వెళ్ళాను. ఏం చెప్పాను? బోధ ఏమీ చెప్పలేదు. మా నాన్న పోయినప్పుడు నాకు పట్టిన భయం చెప్పాను. ఆ భయం ఎలా తగ్గిందో చెప్పాను. తోలు పనివాడి ఇంట పుట్టిన నన్ను పేరు పెట్టి పిలిచిన దేవుడు ఒకడున్నాడని మా అమ్మ చెప్పింది, అది నేను నమ్మాను అని చెప్పాను. చనిపోయినవాళ్ళ సంగతి ఏమిటి అని అడిగాడు. మా వదినమ్మ సంగతి నా చేతిలో లేదు అన్నా, కానీ ఎవరి చేతిలో ఉందో ఆయన దయగలవాడు అన్నాను. అంతకు మించి చెప్పడానికి నాకు హక్కు లేదు. ప్లాట్‌ఫారం మీద టీ తాగి చివరి బండికి తిరిగి వచ్చాను. ఇంట్లో తిట్లు పడ్డాయి, ఫోన్ చేయలేదని.

తరువాత ఆయన బైబిలు అడిగాడు. తెలుగు చదవడం రాదు, తమిళం బైబిలు ఇచ్చాను. ఇంట్లో తెలుగు మాట్లాడే ఇద్దరం తమిళంలో యేసు సంగతి చదువుకోవడం మన తమిళనాడు తెలుగువాళ్ళకే అర్థమవుతుంది.

ఆయన బాప్తిస్మం తీసుకున్నాడా అని మా చర్చిలో అడుగుతారు. మేము చర్చిని కూడా సంఘం అనే అంటాం, మీకు కలగాపులగం కాకూడదని చర్చి అని రాస్తున్నాను. తీసుకోలేదు. అమావాస్యకు పెరుమాళ్ళ గుడికి ఇప్పటికీ వెళ్తాడు, పులిహోర ఇప్పటికీ వస్తుంది. లూకా సువార్త మాత్రం రెండుసార్లు చదివాడు. తప్పిపోయిన కొడుకు కథ గురించి ఫోన్‌లో నాతో వాదం పెట్టుకున్నాడు. "చిన్నవాడికి విందు పెట్టారు, సరే. ఇంట్లో ఉండి పొలం పని చేసిన పెద్దవాడి గతేమిటి? ఆ రోజు రాత్రి వాడు భోంచేశాడా లేదా? రాయలేదే" అన్నాడు. నేను అరవై ఏళ్ళుగా ఆ కథ వింటున్నాను, ఒక్క పాస్టరుగారూ ఆ పెద్ద కొడుకు ఆకలి గురించి అడగలేదు. ఆ ప్రశ్న మా ఆదివారం క్లాసులో పెడితే గంటసేపు మాట్లాడుకున్నారు. ఆయనకు నేను చెప్పిందెంతో తెలియదు గానీ, ఆయన నాకు చెప్పింది ఇది.

ఒకవేళ ఆయన ఎప్పుడూ నాలా నమ్మకపోయినా నేను ఆయన తమ్ముణ్ణే. నమ్మితే సంతోషిస్తాను, అది దాచను. నాకు బాగా రుచించినది నా మనిషి రుచి చూడాలని కోరుకోవడం తప్పు కాదు. నోట్లో కుక్కడం తప్పు.

కాబట్టి మెసేజ్ పెట్టిన సోదరుడికి: మీ అమ్మాయి పెళ్ళిలో నేను వడ్డించింది మీ అమ్మాయి పెళ్ళి కాబట్టి. మన సంఘం ఫోన్ నంబర్ల జాబితాను మా చర్చివాళ్ళు ఒకసారి అడిగారు, ఇవ్వలేదు, ఇవ్వను. మీరెప్పుడైనా నన్ను అడిగితే, విల్లివాక్కంలో చెప్పినట్టే చెప్తాను. అడగకపోతే ఉగాది పచ్చడి తిని ఇంటికి వెళ్దాం.

ఇంకొకటి. వచ్చే గురువారం అన్నకు కంటి శుక్లాల ఆపరేషన్. కొడుకు పూనాలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. నేను వెంట ఉంటున్నాను, నాలుగు రోజులు తిరువళ్ళూరులోనే. చుక్కలు వేయాలి, గంటకోసారి. అందుకని ఆదివారం కమిటీ మీటింగుకు రాలేను. మా వీధి చందా వసూలు రసీదు పుస్తకం మా ఇంటావిడ దగ్గర ఉంది, కోశాధికారి గారు ఎవరినైనా పంపి తెప్పించుకోగలరు. మూడు ఇళ్ళు బాకీ ఉన్నాయి, పేర్లు లోపల రాశాను.